షవర్ పళ్ళెం కింద చెమ్మ

నేను ఒక షవర్ పళ్ళాన్ని. స్నానాల గదిలో ఒక మూల, నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున, తెల్లగా పరుచుకుని ఉంటాను. నా మీద నిలబడి మనిషి స్నానం చేస్తే ఆ నీళ్ళని ఒక కన్నంలోకి పంపడం నా ఉద్యోగం. దుకాణంలో నన్ను షవర్ ట్రే అన్నారు. నేను చేరిన ఇంట్లో ఇంటాయన పళ్ళెం అన్నారు, ఇల్లాలు తొట్టి అంది, పనిమనిషి "ఆ తెల్ల బండ" అని సరిపెట్టుకుంది. ఏ పేరుతో పిలిచినా పలకడానికి నాకు నోరు లేదు. నోరు ఉండి ఉంటే ఈ కథ మూడు రోజుల్లో తేలిపోయేది.

నేను పుట్టింది ఊరి బయట ఒక రేకుల షెడ్డులో. ప్లాస్టిక్ పలకని అప్పడాల పిండిలా మెత్తబడేదాకా వేడి చేసి, అచ్చు మీద పరిచి, కింద నుంచి గాలి లాగేశారు. ఒక్క గుటకలో నా ఆకారం వచ్చేసింది. బోర్లించి వీపుకి గాజు నార, జిగురు పట్టించారు. ఆరాక ఒక కాగితం అంటించారు. అందులో చిన్నచిన్న అక్షరాల్లో చాలా ఉంది గాని సారం ఒక్కటే: నీళ్ళని ఆపేది నేను కాదు. నన్ను పెట్టబోయే నేలకీ, చుట్టూ గోడలకీ ముందే నీళ్ళు దిగని పూత వేయాలి. మూలల్లో వల అతికించి దాని మీద పూయాలి. గొట్టం దిగే చోట మరీ జాగ్రత్త పడాలి. పూత ఆరాక గదిలో నీళ్ళు నిలవగట్టి రెండు రోజులు చూడాలి. కింద చుక్క రాలేదని తేలాకనే నన్ను లోపలికి తేవాలి. మనుషులు మందుల డబ్బాలోని కాగితాన్ని ఎంత శ్రద్ధగా చదువుతారో దీన్నీ అంతే శ్రద్ధగా చదువుతారు. అంటే, మడతపెట్టి పక్కన పడేస్తారు.

రాజమండ్రిలో ఒక దుకాణంలో ఎనిమిది నెలలు గోడకి చేరబడి నిలబడ్డాను. వచ్చినవాళ్ళు పుచ్చకాయని చూసినట్టు నన్ను వేలితో కొట్టి చూసేవారు. చివరికి భగవాన్ రాజు గారు వచ్చారు. ఆయన గోదావరి కాలవల మీద లాకుల దగ్గర ముప్పై రెండేళ్ళు పని చేసి రిటైరైన మనిషి. కాలవ గట్టు మీద చీమల పుట్ట కనిపిస్తే చాలు, రేపు ఇక్కడ గండి పడుతుందని చెప్పగలరట. ఆ మాట దుకాణంవాడితో ఆయనే చెప్పారు. ఇలాంటి వాడి ఇంటికి వెళ్తున్నాను, నా బతుక్కి ఢోకా లేదని నేను మురిసిపోయాను.

ఇల్లు ఆత్రేయపురానికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న పల్లెలో. మేడ మీద భగవాన్ రాజు గారూ, ఆయన భార్య ఇందిర గారూ ఉంటారు. కింద ఆయన వదిన సుభద్రాయమ్మ గారు ఉంటుంది. భర్త పోయి పాతికేళ్ళయింది. భగవాన్ రాజు గారికి ఎనిమిదేళ్ళప్పుడు తల్లి చనిపోతే, ఆ ఇంటికి కొత్తకోడలుగా వచ్చిన సుభద్రాయమ్మ ఆయన్ని చంకనేసుకుని పెంచింది. ఇప్పటికీ ఆయన ఆమె ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చోరు.

ఆమె పని పూతరేకులకి రేకులు తీయడం. నున్నటి కుండని పొయ్యి మీద బోర్లించి, కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి పాలలో గుడ్డ ముంచి ఆ కుండ మీద ఇలా లాగి అలా తీస్తే రేకు వస్తుంది. వినడానికి ఇంతే. నలభై ఏళ్ళుగా చేస్తున్న చేతికే అది లొంగుతుంది. సుభద్రాయమ్మ రేకు ఉల్లిపొరలా ఉంటుందనీ, నోట్లో పెడితే ఉన్నట్టే తెలియదనీ చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళలో చెప్పుకునేవారు. తీసిన రేకుల్ని కట్టలు కట్టి తన గదిలో గోడ బీరువాలో దాచేది. అది అత్తగారు చేయించిన టేకు బీరువా, గోడలోకి అమర్చినది. అందులో పెట్టిన రేకు ఏ వానాకాలంలోనూ చెడింది లేదు. ఆ గది మీదనే మేడ మీద కొత్త స్నానాల గది కట్టారు.

గది పని చేసింది తాతాజీ అనే మేస్త్రి. నన్ను మేడ మీద వరండాలో నిలబెట్టారు గనుక అతని పనంతా కళ్ళారా చూశాను. మంచి పనివాడు. శ్లాబుని ఇనుప బ్రష్షుతో గీకి కడిగాడు. గోడా నేలా కలిసే మూలల్ని సిమెంటుతో గుండ్రంగా తిప్పాడు. వల అతికించాడు. గోడకి తల ఎత్తుదాకా రెండు కోటింగులు వేశాడు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. గొట్టం చుట్టూ చంటిపిల్లకి కాటుక పెట్టినంత నెమ్మదిగా పూశాడు. ఆరాక గుమ్మానికి ఇటుకలు అడ్డం పెట్టి నీళ్ళు కట్టాడు. నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాడు. రెండు రోజుల తర్వాత కిందికి వెళ్ళి సుభద్రాయమ్మ గదిలో పైకప్పంతా అరచేత్తో తడిమి చూసి వచ్చి, "ఆయ్, రాయిలాగుందండి. ఇంక మీ మనవల కాలం దాకా సుక్క దిగదండి" అన్నాడు.

ఇందిర గారు ఆ మర్నాడు సిద్ధాంతి గారిని తీసుకొచ్చి చూపించారు. పని మొదలుపెట్టక ముందు చూపించాలని ఆమెకి తోచలేదు. ఆయన గుమ్మంలో నిలబడి, చొక్కా జేబులోంచి దిక్సూచి తీసి, ముక్కు మీద వేలేసుకున్నారు.

"నీళ్ళు నైరుతికి పోతున్నాయేంటండీ? నైరుతిలో నీళ్ళు పోతే ఇంటికి పెద్దవాళ్ళెవరో వాళ్ళకి కూడదు. ఈశాన్యానికి తిప్పించండి" అన్నారు.

భగవాన్ రాజు గారికి ఇలాంటివాటి మీద పెద్ద నమ్మకం లేదు. నవ్వి ఊరుకునేవారే. కానీ ఇంటికి పెద్ద అన్న మాట దగ్గర ఆగిపోయారు. "ఇంటికి పెద్దంటే మా వదినగారే గదా" అన్నారు నెమ్మదిగా. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూశాను. నిజంగానే భయపడ్డారు.

పైగా నాలుగో రోజు నుంచి మూఢమి. ఆలోపు నన్ను పెట్టకపోతే రెండు నెలలు ఆగాలి. తాతాజీని పిలిచి కన్నం ఈశాన్యానికి మార్చమన్నారు. తాతాజీ వంగి, తను వేసిన పూత మీద అరచెయ్యి ఆనించాడు.

"మార్చడం పెద్ద పని కాదండి రాజుగారూ. కానండి, పూత కోసేసినట్టవుతాదండి. కోసిన కాడల్లా మళ్ళీ ఎయ్యాలండి. పాత కన్నం మూసి దాని మీదా ఎయ్యాలండి. అది ఆరాలండి, మళ్ళీ నీళ్ళు కట్టి సూడాలండి. ఎంత లేదన్నా వారం అండి."

"వారం ఎక్కడుందయ్యా? ఎల్లుండి సాయంత్రానికి అయిపోవాలి. అయినా పైన అంత దళసరి పళ్ళెం కూర్చుంటోంది గదా! దాన్ని దాటుకుని నీళ్ళు కిందికెలా దిగుతాయి?"

"పళ్ళెం అంచుల్లోంచి దిగుతాయండి మరి."

"ముప్పై రెండేళ్ళు నీళ్ళతోనే కాపరం చేశాను తాతాజీ. నీళ్ళ సంగతి నాకు చెప్తావా?"

తాతాజీ తల గోక్కున్నాడు. "ఆయ్, మీకు తెలీందేముందండి" అన్నాడు.

ఎదురు చెప్పడానికి అతనికి మొహమాటం. ఆయన ఇంట్లో భోజనం చేశాడు, ఆయన సిఫారసుతో మరో రెండిళ్ళ పని దొరికింది. గోదావరి గట్లు తెగి మునిగిన పొలాల లెక్క నాకు తెలియదు. మొహమాటంతో మునిగిన ఇల్లు మాత్రం ఒకటి తెలుసు. నా వీపు మీద కాగితం ఇంకా అంటుకునే ఉంది. "చదవండి, ఒక్కసారి తిప్పి చదవండి" అని లోపల్లోపల మొత్తుకున్నాను. భగవాన్ రాజు గారు ఆ కాగితాన్ని పీకి, ఉక్కగా ఉందని దాంతోనే విసురుకున్నారు.

నైరుతి నుంచి ఈశాన్యం దాకా ఉలితో కోశారు. పాత కన్నంలో సిమెంటు కూరారు. పూత డబ్బా అడుగున మిగిలింది మీగడ కట్టి గట్టిపడితే, తాతాజీ అందులో ఇన్ని నీళ్ళు పోసి కలిపి, కోసిన చోట పైపైన రాశాడు. అది ఆరకముందే సిమెంటు పరిచి నన్ను కూర్చోబెట్టాడు. నా కొత్త గొట్టం సుభద్రాయమ్మ గది మూలగా కిందికి దిగింది. పాత కన్నం సరిగ్గా ఆమె గోడ బీరువా ఉన్న గోడకి పైన, నా పొట్ట కింద ఉండిపోయింది.

మొదటి వారం భగవాన్ రాజు గారు షవర్ తిప్పుకుని, కింద నిలబడి, దొరగారిలా స్నానం చేశారు. రెండో వారం పెదవి విరిచారు. "చెంబుతో నెత్తిన కుమ్మరించుకుంటే గాని ఒళ్ళు తడిసినట్టుండదు" అని ఇత్తడి గంగాళం తెప్పించి నా అంచు మీద పెట్టుకున్నారు. రోజూ దాన్ని ఈడ్చేవారు. నాకూ గోడకీ మధ్య పూసిన తెల్ల జిగురు ఆ ఈడ్పుకి నెల తిరక్కుండానే చీలింది. చెంబెడు చెంబెడు నీళ్ళు గోడకి కొట్టుకుని, ఆ చీలికలోంచి నా కిందికి దిగడం మొదలెట్టాయి.

ఆ దిగడాన్ని నేను ఎలా చెప్పను? నా మీది నీళ్ళు ఎటు పోవాలో నాకు తెలుసు. నా కింది నీళ్ళ మీద నాకు ఏ అధికారమూ లేదు. అవి నా పొట్ట కింద చేరి, కాసేపు నిలిచి, ఉలితో కోసిన దారి పట్టుకుని నైరుతికి నడిచేవి. అక్కడ సిమెంటు ముద్దలో నెమ్మదిగా ఇంకి గోడలోకి పోయేవి. చుక్కగా కిందికి రాలి ఉంటే ఎవరో ఒకరు తల ఎత్తి చూసేవారు. అవి రాలలేదు. బీరువా చెక్కల వెనక గోడలోనే ఉండిపోయాయి.

గొట్టంలోంచి కింది గది మాటలు నాకు వినిపించేవి. ఎండిన రేకుల కట్టని కదిపితే సన్నగా గలగలమని చప్పుడు వస్తుంది. మొదటి రోజుల్లో రోజూ వినేదాన్ని. శ్రావణం వచ్చేసరికి ఆ చప్పుడు మెత్తబడింది.

"రేకు నిలవటం లేదు ఇందిరా" అంది సుభద్రాయమ్మ ఒక మధ్యాహ్నం. "కుండ మీంచి తీసినప్పుడు బానే ఉంటంది. బీరువాలో పెట్టిన రెండ్రోజులకి ఒకదానికొకటి అంటుకుపోతన్నాయి."

"వానలు గదక్కా" అంది ఇందిర.

వానలు వెళ్ళాయి. కార్తీకం వచ్చింది, చలిగాలి తిరిగింది. రేకులు అలాగే ఉన్నాయి. ఆమె బియ్యం మార్చింది. పిండి మరింత పల్చగా కలిపింది. పొయ్యి తీరు మార్చింది. రేకు తీశాక ఎండలో ఇంకాసేపు ఉంచింది. ఇవన్నీ అయ్యాక కూడా బీరువాలోంచి తీసేసరికి తడిగుడ్డల్లా వేలాడేవి. బీరువా మీద ఆమెకి అనుమానం కలగలేదు. నలభై ఏళ్ళుగా నమ్మిన బీరువా అది. అందుకని ఆమె అనుమానం తన మీదకే పోయింది.

"చేతికి చెమట పడతందేమో. ముసిల్దాన్నైపోయేను గదా, రేకు దళసరిగా లాగుతన్నానేమో, నాకు తెలీటం లేదేమో" అని తనలో తనే అనుకోవడం విన్నాను. చేతులు సున్నిపిండి పెట్టి తోముకునేది. పసుపు రాసుకునేది. చేతిగాజులు బరువని తీసేసి, మళ్ళీ వేసుకుంది.

భగవాన్ రాజు గారు ఊరుకోలేదు. ఊరుకునే మనిషి కాదు. వదినని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి కొత్త కళ్ళజోడు వేయించారు. చేతి వేళ్ళకి తైలం తెచ్చారు. ఎవరి దిష్టో తగిలిందని గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించారు. ఇవన్నీ చేసి, పొద్దున్నే వచ్చి నా మీద నిలబడి, గంగాళం ఖాళీ అయ్యేదాకా నెత్తిన నీళ్ళు కుమ్మరించుకుంటూ, "స్వామీ, మా వదినగారి చెయ్యి బాగుచెయ్యి" అని దణ్ణం పెట్టుకునేవారు. ఆ నీళ్ళే ఆమె గోడలోకి వెళ్ళేవి. నాకు ఏడుపొచ్చేది. పళ్ళెం ఏడ్చినా అది నీళ్ళలోనే కలిసిపోతుంది, ఎవరికి తెలుస్తుంది?

నాకు ఉన్నది ఒక్క కన్నం. దాన్నైనా మూసుకుంటే, నీళ్ళు నిలిచిపోతే, మేస్త్రిని పిలుస్తారని ఆశపడ్డాను. ఒకసారి వెంట్రుకలు అడ్డుపడి నిజంగానే నీళ్ళు నిలిచాయి. ఇందిర గారు చీపురుపుల్లతో పొడిచి తీసేశారు. అంతటితో సరి.

వైశాఖంలో రావులపాలెంలో పెళ్ళి. ఆ ఇంట్లో మూడు తరాల పెళ్ళిళ్ళకి రేకులు వెళ్ళింది సుభద్రాయమ్మ దగ్గర్నుంచే. ఆమె పదిహేను రోజులు కూర్చుని తీసింది, బీరువా నింపింది, కట్టలు కట్టి పంపింది. అక్కడ విప్పేసరికి కట్టకి కట్టే ఒక ముద్ద. ఎవరూ ఆమెని పల్లెత్తు మాట అనలేదు. వాళ్ళు మంచివాళ్ళు. ఖాళీ బుట్టలు తిరిగి ఇవ్వడానికి వచ్చిన పెళ్ళివారి ఆడమనిషి గుమ్మంలో ఇందిర గారితో మాత్రం గొంతు తగ్గించి అంది.

"పెద్దావిడ గదండీ, చెయ్యి సాగట్లేదు పాపం. ఇంక కష్టపెట్టకండి ఆవిణ్ణి."

గొంతు తగ్గించినా గొట్టంలోకి వచ్చింది ఆ మాట. నాకే వినిపిస్తే, పక్క గదిలో ఉన్న సుభద్రాయమ్మకి వినిపించకుండా ఉంటుందా? తిట్టి ఉంటే ఆమె ఎదురు తిట్టి మళ్ళీ కుండ ముందు కూర్చునేది. వాళ్ళు జాలిపడ్డారు. మర్నాడు కుండని కడిగి, ఆరబెట్టి, వీధి చివర రేకులు తీసే నాగరత్నానికి ఇచ్చేసింది. "నా చెయ్యి పోయిందమ్మా. కుండ మంచిది, నువ్వు వాడుకో" అని చెప్పి వచ్చిందట. ఆ తర్వాత నెలల తరబడి పెరట్లోంచి పొయ్యి చిటపటలు వినపడలేదు. కింది గదిలో పగలంతా మంచం కిర్రుమనడం మాత్రం వినిపించేది. అంత పొద్దు ఆమె ఎప్పుడూ మంచం మీద ఉన్నది కాదు.

రెండో శ్రావణంలో బీరువా తలుపు ఊడి పడింది. ఆ చప్పుడికి భగవాన్ రాజు గారు మెట్లు దిగి పరుగెత్తారు. మేకులు తుప్పు పట్టి పొడి అయిపోయాయి. వెనక చెక్కని తట్టబోతే వేలు లోపలికి దిగిపోయింది. చెక్కలు లాగేశారు. వెనక గోడంతా పచ్చగా పాచి పట్టి, తడి బెల్లంలా ముట్టుకుంటే ఊడి వస్తోందట.  తర్వాత ఆయన పైకి వచ్చి నా ముందు నిలబడ్డారు. గంగాళం పక్కకి తీశారు. నా అంచు వెంట వేలు పెట్టి నడిపించారు. వేలు చీలికలోకి దిగింది. గట్టు మీద చీమ కన్నాన్ని కనిపెట్టే మనిషి. తన కాళ్ళ కింది గండి చూడ్డానికి ఆయనకి ఏడాది మీద మూడు నెలలు పట్టింది.

తాతాజీ వచ్చాడు. నన్ను గునపంతో లేపాడు. ఒక మూల విరిగాను, అది వేరే సంగతి. నా కింద నీళ్ళు నిలిచి ఉన్నాయి, కంపు కొట్టాయి. తాతాజీ ఉలితో తను కోసిన గీతని చూసి అక్కడే చతికిలబడ్డాడు. తర్వాత వెళ్ళి సుభద్రాయమ్మ గది గుమ్మంలో నిలబడ్డాడు. పనివాళ్ళు నన్ను మోసుకుంటూ మెట్లు దిగుతున్నారు, ఆ గుమ్మం ముందు దించి చేతులు దులుపుకున్నారు. అందుకని అన్నీ కళ్ళారా చూశాను.

"నాదేనండి అమ్మగారూ తప్పు. ఆ రోజు సెప్పాల్సింది గట్టిగా సెప్పలేకపోయానండి" అన్నాడు తాతాజీ.

"వాడిది కాదు వదినా. వాడు చెప్పాడు. నేనే వినలేదు. మీకు మంచిదని తిప్పించాను" అన్నారు భగవాన్ రాజు గారు.

సుభద్రాయమ్మ మంచం మీంచి లేవలేదు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"అయితే రేకులు చెడిపోయింది నా చెయ్యి వల్ల కాదా?"

"కాదండి. పైనుంచి దిగిన నీళ్ళండి."

ఆమె తన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో దాన్ని నిమిరింది. "ఎన్ని తిట్లు తిట్టేను బాబూ దీన్ని" అంది.

పైన గదిని తాతాజీ మళ్ళీ మొదట్నుంచీ చేశాడు. పూత వేశాడు, ఆరనిచ్చాడు, ఈసారి ఐదు రోజులు నీళ్ళు కట్టాడు. నీళ్ళు ఏ దిక్కుకి పోతున్నాయని ఎవరూ అడగలేదు. నా స్థానంలో మామూలు గచ్చు పలకలు వేశారు. నన్ను పెరట్లో ప్రహరీ గోడకి చేరేశారు. విరిగిన మూలలో వాన నీళ్ళు చేరితే కాకులు వచ్చి స్నానం చేసి పోతుంటాయి. వాటి కింద ఏ గదీ లేదు గనుక నాకు నిశ్చింత. పక్కనే ఎండు కొబ్బరాకుల గుట్ట, దాని ముందు రేకుల పొయ్యి.

ఆశ్వయుజంలో నాగరత్నం కుండ తెచ్చి ఇచ్చింది. భగవాన్ రాజు గారు రోజూ బతిమాలగా బతిమాలగా ఒక పొద్దున్న సుభద్రాయమ్మ పొయ్యి ముందు కూర్చుంది. ఆయన కొంచెం దూరంలో, చేతులు కట్టుకుని, బడిలో పిల్లాడిలా నిలబడ్డారు. కుండ కాగింది. ఆమె గుడ్డ ముంచి లాగింది. నేను మొదటిసారి చూడడం. ఇంతకు ముందు విన్నదే గాని చూసింది లేదు. రేకు ఒక్క ఊపున లేచి వచ్చింది. ఎండకి ఎత్తి పట్టుకుంటే అవతల ఉన్న కొబ్బరి ఈనెలు లెక్కపెట్టేటంత పల్చన.

"అదిగో! చూశారా వదినా! చెప్పానా!" అన్నారు ఆయన.

ఆమె దాన్ని పక్కన పెట్టలేదు. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పెట్టి నొక్కింది, తడి ఉందేమోనని. ఎండిన రేకు నొక్కితే ఏమవుతుంది? పొడిపొడి అయి ఒళ్ళో రాలింది.

రెండోది తీసింది. నొక్కింది. మూడోదీ అంతే.

"ఎండింది వదినా, శుభ్రంగా ఎండింది. పక్కన పెట్టేయండి" అన్నారు ఆయన.

"ఉండు బాబూ. ఒక్కసారి చూడనీ."

తడి లేదని తేలేసరికి రేకు మిగలటం లేదు. ఏడు రేకుల పొడి ఆమె ఒడి నిండా తెల్లగా పడి ఉంది. ఆయన అటు తిరిగి నిలబడ్డారు. ఆమె ఎనిమిదోది తీసింది. అది మొదటి ఏడింటికంటే పల్చగా వచ్చింది. దాన్ని కాసేపు అలాగే అరచేతిలో ఉంచుకుని చూసి, నెమ్మదిగా రెండు వేళ్ళ మధ్యకి తీసుకుంది.